రెండు అంగుళాల లిఫ్ట్‌తో జిమ్నీకి 235/75 ఆర్15 టైర్లు వేయించవచ్చా?

చెల్కబాట, దేవరకొండ

అందరికీ నమస్కారం. నా దగ్గర ఐదు తలుపుల మారుతి జిమ్నీ ఉంది. మా ఊరి నుంచి బత్తాయి తోటకు పోయే బండ్లబాట సగం ఎర్ర చెల్కలో, సగం రేగడిలో ఉంటుంది, నడుమ ఒక ఒర్రె దాటాలి. వానాకాలంలో ట్రాక్టర్లు తిరిగి గాడులు లోతుగా పడతాయి, ఆ గాడుల మధ్య మిగిలిన మట్టికట్ట బండి అడుగున రాసుకుంటుంది. హైదరాబాద్‌లో ఒక షాపువారు బండిని 50 మిల్లీమీటర్లు పైకి లేపే స్ప్రింగుల లిఫ్ట్, దానితోపాటు 235/75 ఆర్15 మడ్ టెరైన్ (బురద కోసం చేసిన) టైర్లు వేస్తామని, అవి కంపెనీ రిమ్ములకే సరిపోతాయని చెబుతున్నారు. నేను తరచుగా మల్లేపల్లి, మాల్ మీదుగా కుటుంబంతో హైదరాబాద్ పోయి వస్తుంటాను కాబట్టి తారురోడ్డు మీద బండి తీరు చెడిపోకూడదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

స్పానర్, నల్లగొండ

చెల్కబాట గారూ, షాపువారికి అడ్వాన్సు ఇచ్చే ముందు మీరు బండి కింద దూరి, మట్టి రాసుకుంటున్నది దేనికో చూడండి. జిమ్నీకి ముందు, వెనుక రెండూ రిజిడ్ ఇరుసులే, అంటే రెండు పక్కల చక్రాలనూ ఒకే గట్టి ఇరుసు కలుపుతుంది. స్ప్రింగు ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉంటుంది కనుక లిఫ్ట్ వేస్తే ఛాసిస్, దాని మీద బాడీ మాత్రమే లేస్తాయి. ఇరుసులో గేర్లు ఉండే డిఫరెన్షియల్ గుండు మాత్రం టైరు ఎత్తు పెరిగితే తప్ప ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు, 235/75 ఆర్15 టైరుది 733. ఆ నలభైలో సగమే ఇరుసు కిందికి వస్తుంది, అంటే గుండుకు దక్కేది 20 మిల్లీమీటర్లు.

కంపెనీ రిమ్ములకే సరిపోతాయన్న మాటను నేను ఒప్పుకోను. జిమ్నీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, 235 టైరుకు కనీసం 6 అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ముకు బలవంతంగా ఎక్కిస్తే ఎక్కుతుంది, కానీ టైరు నడిమి భాగం ఉబ్బి అక్కడే అరుగుతుంది, మలుపుల్లో పక్కగోడ ఊగుతుంది. కాబట్టి రిమ్ముల ఖర్చు కూడా కలుపుకోండి. ఆ కొత్త రిమ్ము టైరును ఎంత బయటికి తెస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బంపర్ మూలకు, మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్‌కు అంతగా తగులుతుంది.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. బండి నిలబడి ఉన్నప్పుడు లిఫ్ట్ వల్ల టైరు పైన ఖాళీ కనబడుతుంది, కానీ స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు ఇరుసు వచ్చి ఆగేది బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ దగ్గర, ఆ స్థానాన్ని లిఫ్ట్ మార్చదు. అంటే గుంతలో పడి సస్పెన్షన్ అడుగంటిన క్షణంలో పెద్ద టైరుకు దొరికే చోటు లిఫ్ట్ లేని బండిలో ఉన్నంతే. బంప్ స్టాప్‌లను కూడా పొడిగిస్తేనే ఆ లెక్క సరిపోతుంది. మీకిచ్చిన కొటేషనులో అది ఉందా?

తారురోడ్డు సంగతి కూడా చెబుతాను. స్ప్రింగులు ఎత్తు పెరిగితే, ఇరుసును ఛాసిస్‌కు కలిపే రేడియస్ ఆర్మ్‌లు కిందికి వాలి ముందు ఇరుసును కొద్దిగా తిప్పుతాయి, దానితో క్యాస్టర్ కోణం, అంటే ముందు చక్రం మలిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గుతుంది. అప్పుడు మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు, వేగం పెరిగినకొద్దీ బండి అటూ ఇటూ లాగుతుంది. దీనికి క్యాస్టర్ సరిచేసే బుష్‌లు వేయాలి. ఇరుసు కూడా ఒక పక్కకు జరుగుతుంది కనుక ఇరుసును పక్కకు జరగకుండా పట్టే, పొడవు మార్చుకోగలిగే పాన్‌హార్డ్ రాడ్ వేయాలి, తర్వాత అలైన్‌మెంట్ చేయించి హెడ్‌లైట్లను కిందికి దించాలి. ఇవేవీ లేకుండా స్ప్రింగులు, టైర్లు మాత్రమే అమ్మితే అది సగం పని. పైగా 134 న్యూటన్ మీటర్ల పెట్రోల్ ఇంజిన్‌కు పెద్ద, బరువైన టైరు భారమే, పికప్ తగ్గుతుంది, బ్రేకు పడే దూరం పెరుగుతుంది. మీటరు వంద చూపితే బండి అసలు వేగం కంపెనీ టైర్లతో పోలిస్తే దాదాపు ఆరు శాతం ఎక్కువ ఉంటుంది.

మీ అవసరానికి లిఫ్ట్ లేకుండా 215/75 ఆర్15 ఆల్ టెరైన్ (తారుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు చాలునని నా అభిప్రాయం. అవి 5.5 రిమ్ముకు సరిపోతాయి, బొలెరో సైజు కనుక నల్లగొండలోనే దొరుకుతాయి. గుండు ఎత్తు 5 మిల్లీమీటర్లే పెరుగుతుంది, దాచేదేమీ లేదు, అయితే తడి చెల్కలో పట్టు బాగా మెరుగుపడుతుంది. మట్టికట్టకు మందు టైరు సైజు కాదు: ఒక పక్క చక్రాలను కట్ట మీదికి ఎక్కించి, రెండో పక్కవి గాడి బయట ఉంచి నడపడమే.

పాలమూరు మిస్త్రీ, మహబూబ్‌నగర్

స్పానర్ గారు లిఫ్ట్‌ను మరీ తీసిపారేశారని నాకనిపిస్తుంది. ఐదు తలుపుల బండికి వీల్‌బేస్ 2590 మిల్లీమీటర్లు, నడుము కోణం, అంటే నడుము తగలకుండా దాటగల గట్టు కోణం, 24 డిగ్రీలే. ఒర్రె ఒడ్డు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు పైకి చేరగానే బండి నడుము ఒడ్డు అంచుకు ఆనుకుంటే, అక్కడ పనికొచ్చేది లిఫ్టే. కాబట్టి తమ్ముడూ, గీతలు గుండు మీద ఉన్నాయా, ఛాసిస్ నడుమ ఉన్నాయా అన్నది చూడనిదే ఏ మాటా ఖాయం కాదు.

ఏ టైరు వేసినా ఒక పరీక్ష తప్పక చేయించు. టైరు భుజాలకు తడి సుద్ద దట్టంగా పూసి, ఒక పక్క ముందు చక్రాన్ని పెద్ద రాతి మీదికి ఎక్కించి, వెనుక సీట్లో మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పాలి. తెల్లటి మరక ఎక్కడ అంటుకుంటే అక్కడే రేపు టైరు కోసుకుపోతుంది. రేగడి సంగతి మాత్రం మరచిపో, ముద్దలు ముద్దలుగా పట్టుకుంటే రెండు నిమిషాల్లో మడ్ టెరైన్ టైరు కూడా నున్నటి గుండ్రాయి అవుతుంది.

ఆర్‌సీ పుస్తకం, నాగర్‌కర్నూల్

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సర్వేయర్ మొదట చూసేది టైర్లు, స్ప్రింగులే కనుక, కుటుంబంతో తిరిగే బండికి ఏం చేయించినా ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

చెల్కబాట, దేవరకొండ

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు బండి కింద పడుకుని చూశాను. వెనుక డిఫరెన్షియల్ గుండు అడుగున రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది, ఛాసిస్ నడుమ మాత్రం పాత మట్టి అలాగే ఉంది, ఒక్క గీత కూడా లేదు. అందువల్ల లిఫ్ట్ ఆలోచన మానుకుని 215/75 ఆల్ టెరైన్ వైపు మొగ్గుతున్నాను, బీమా వారికి కూడా రాస్తాను. నాలుగు టైర్లు మార్చి స్టెప్నీని పాతదే ఉంచవచ్చా?

స్పానర్, నల్లగొండ

ఐదూ మార్చండి. 195/80కీ 215/75కీ వ్యాసంలో తేడా 10 మిల్లీమీటర్లే కనుక పంక్చరైన చోటి నుంచి టూ వీల్ డ్రైవ్‌లో మెల్లగా షాపు వరకు పోవచ్చు. కానీ జిమ్నీలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు, ఫోర్ వీల్‌లో వేసి గట్టి నేల మీద నడిపితే ఆ తేడా రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. మీ బాటలో పంక్చరయ్యేది ఫోర్ వీల్ కావలసిన చోటే.