జుట్టుకు రంగు మానేయాలని ఉంది, మనసు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి):

అందరికీ నమస్కారం. నా వయసు 49 ఏళ్లు. 35వ ఏట పాపిట పక్కన తెల్ల వెంట్రుకలు కనిపించిన నాటి నుంచి జుట్టుకు రంగు వేసుకుంటూనే ఉన్నాను. మొదట్లో రెండు నెలలకు ఒకసారి వేసుకుంటే సరిపోయేది. ఇప్పుడు మూడు వారాలు తిరగకముందే పాపిట పొడవునా తెల్లటి గీత తేలుతోంది. ఆ గీత కనిపించిన రోజు ఆఫీసులో తల వంచి సంతకం పెట్టడానికి కూడా వెనకాడతాను, ఎదుట నిలబడినవారి చూపు సరిగ్గా అక్కడే పడుతుందని నాకు అనిపిస్తుంది. ఎవరైనా శుభలేఖ ఇస్తే నేను ముందు లెక్క వేసుకునేది ఆ రోజుకు రంగు ఎంత పాతబడుతుందా అనే.

ఈ మధ్య రంగు వేసుకున్న మర్నాడు చెవుల వెనక, మెడ మీద దురద మొదలవుతోంది. మానేద్దామని రెండుసార్లు ప్రయత్నించాను గానీ రెండుసార్లూ నలభై రోజులు దాటలేదు. ఈ శ్రావణంలో ఒక పేరంటానికి వెళ్తే, వరసకు పిన్ని అయ్యే ఆవిడ నా తల వంక చూసి "ఏమ్మా, ఒంట్లో బాగుండడం లేదా?" అని అడిగారు. ఆవిడ ప్రేమగానే అడిగారు. నేను మాత్రం ఇంటికి వచ్చి ఆ రాత్రే మళ్లీ గిన్నెలో రంగు కలిపాను.

వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. వయసు పెరిగే కొద్దీ అందం గురించిన ఆరాటం తగ్గుతుందని అందరూ అంటారు, నాకు పెరుగుతోంది. మీలో ఎవరికైనా నిజంగా తగ్గి ఉంటే, మనసు ఎలా కుదుటపడిందో చెప్పండి.

తెనాలి నుంచి, విశ్రాంత ఉపాధ్యాయిని:

చెల్లీ, నాకు 63 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేదాన్ని. నేను ధైర్యం తెచ్చుకుని మానినదాన్ని కాను. 57వ ఏట, ఏళ్ల తరబడి వాడుతున్న రంగే వేసుకుని పడుకుంటే, తెల్లవారేసరికి కనురెప్పలు వాచిపోయి కళ్లు తెరుచుకోలేదు. ఇక జన్మలో దాని జోలికి పోవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఆ తర్వాత ఆరు నెలలు, కింద తుప్పు రంగు, పైన తెలుపుతో బడికి వెళ్లడం నాకు చాలా కష్టమైంది. జడలో మామూలు కంటే ఎక్కువ పూలు పెట్టుకునేదాన్ని, బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చినా నిలబడే ఉండేదాన్ని.

ఆ రోజుల్లో మా అమ్మ నా దగ్గరే ఉండేది. రోజూ సాయంత్రం ఆమె తలకు కొబ్బరినూనె రాసి చిక్కు తీసేదాన్ని. జిల్లేడు దూది లాంటి జుట్టు, దువ్వెన పళ్లకు తగిలీ తగలనట్టు జారిపోయేది. చివరికి ఉసిరికాయంత ముడి వచ్చేది. ఆ ముడి మెడ మీద పొందికగా కుదిరినప్పుడు నాకు ఎంతో ముచ్చటగా ఉండేది. ఒకనాటి సాయంత్రం దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు తీసి చుట్టబోతే, వాటిలో ఆమెవి ఏవో, ఒంగి దువ్వుతున్న నా తల నుంచి రాలినవి ఏవో తెలియలేదు. చాలాసేపు వాటిని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. అమ్మ తల మీద ఉంటే ముచ్చటపడిన జుట్టును నా తల మీద ఎందుకు దాచుకుంటున్నానో నాకు ఏ సమాధానమూ దొరకలేదు. నాకు మనసు కుదుటపడటం మొదలైంది అక్కడే.

ఇక మీ పిన్నిగారి ప్రశ్న. తిరుమల వెళ్లి కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి గుండుతో తిరిగి వచ్చిన ఆడవారిని ఒంట్లో బాగాలేదా అని ఎవరూ అడగరు, ప్రసాదం ఏదని అడుగుతారు. గుండుకు కారణం చూసేవారికి ముందే తెలుసు. తెల్ల జుట్టుకు మాత్రం, ముఖ్యంగా ఆడవారి విషయంలో, లోకానికి ఇంకా ఒక కారణం కావాలి. "తల పండినవారు" అన్న జాతీయాన్ని ఎన్నో ఏళ్లు పిల్లలకు బోధించాను, ఒక్కసారి కూడా ఉదాహరణకు ఒక స్త్రీని చెప్పలేదని తర్వాత గుర్తొచ్చి బాధపడ్డాను. అందుకని ఆ కారణం మీరే చెప్పేయండి. "రంగు మానేశానండీ" అన్న ఒక్క ముక్క, సంజాయిషీ ఇస్తున్నట్టు కాకుండా మామూలు గొంతుతో చెబితే, చాలామంది అక్కడితో వేరే మాటలోకి వెళ్లిపోతారు. ఫోటో తీస్తామంటే నాకు ఇప్పటికీ ఒక్క క్షణం చేయి పాపిట మీదికి వెళ్తుంది, అది దాచను.

హైదరాబాద్ నుంచి, చర్మవ్యాధుల వైద్యురాలు:

మనసు సంగతి పైన అక్కయ్య గారు చెప్పారు గనుక నేను దురద గురించి మాత్రమే రాస్తాను, దాన్ని దయచేసి తేలికగా తీసుకోవద్దు. ఎక్కువకాలం నిలిచే నల్ల రంగుల్లో చాలావాటిలో పారాఫెనిలిన్‌డయామిన్ అనే రసాయనం ఉంటుంది. ఏళ్ల తరబడి ఏమీ చేయని రంగు కూడా ఒకనాడు హఠాత్తుగా పడకపోవచ్చు. ఒకసారి పడకపోవడం మొదలైతే, వేసుకున్న ప్రతిసారీ ప్రతిచర్య తీవ్రమయ్యే ప్రమాదం ఉంది. డబ్బా మీద "అమ్మోనియా లేదు" అని ఉన్నంత మాత్రాన ఈ రసాయనం లేనట్టు కాదు. నల్ల మెహందీ పేరుతో అమ్మే పొడుల్లో కూడా కొన్నిటిలో ఇది కలుస్తుంది. వీపు మీద చిన్న పట్టీలు అంటించి 48 గంటలు ఉంచి చేసే పరీక్షతో ఇది మీకు పడుతుందో లేదో తేలుతుంది. పెళ్లికి ముందు కంటే ఇప్పుడే చేయించుకోండి.

జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఈ రోజు మానేస్తే మాఘానికి దాదాపు 6 సెంటీమీటర్ల తెలుపు వస్తుంది. కుదుళ్లలో జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్ తయారీ ఆగిపోయాక ఏ నూనె రాసినా ఆ వెంట్రుక తిరిగి నల్లబడదు, కాబట్టి అలా చెప్పి అమ్మేవాటికి డబ్బు పోయకండి.

వరంగల్ నుంచి:

నా వయసు 52 ఏళ్లు, నేను రంగు వేసుకుంటాను, మానే ఆలోచన లేదు. నెలకొక ఆదివారం మా అక్కా నేనూ పెరట్లో కూర్చుని ఒకరికొకరం వేసుకుంటాం, ఆ రెండు గంటల కబుర్ల కోసం నేను నెలంతా ఎదురుచూస్తాను. మీ ఉత్తరంలో నాకు అలాంటి సంతోషం కనిపించలేదు, భయమే కనిపించింది. మీకు దురద లేకపోయినా నేను మానేయమనే చెప్పేదాన్ని.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత:

అందరికీ కృతజ్ఞతలు. పరీక్ష చేయించుకున్నాను. పట్టీ తీసిన చోట రూపాయి బిళ్లంత మేర ఎర్రగా పొక్కింది, ఆ రసాయనం నాకు పడదని తేలింది. మా అమ్మాయికి చెబితే, పెళ్లి ఫోటోల గురించి తను బెంగ పడుతుందేమోనని నేను అనుకున్నాను. తను మాత్రం నా వెనక కూర్చుని పాపిట విడదీసి, తెలుపు ఎక్కడిదాకా వచ్చిందో వేలితో కొలిచి చూసింది. జడ భుజాల వరకు కత్తిరించి, పెళ్లినాడు సవరం పెట్టుకోవాలని ఇద్దరం అనుకున్నాం.

నిన్న పిన్ని ఫోన్ చేశారు. ఆవిడ అడగకముందే "రంగు నాకు పడటం లేదు పిన్నీ, మానేశాను" అని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం వణికింది. "అలాగా తల్లీ" అన్నారు, ఆ వెంటనే పెళ్లికి తాను ఎన్ని రోజుల ముందు రావాలో, వచ్చేటప్పుడు అప్పడాలు ఎన్ని పట్టుకురావాలో అడిగారు.