అల్లింది చేత్తో, అతికింది మెషిన్ మీద: దీన్ని చేతి అల్లిక అనొచ్చా?

బెజవాడ ఊలుబంతి:
నమస్తే అండీ. పిల్లల స్వెటర్లు అల్లి అమ్ముతుంటాను. (విజయవాడ ఎండల్లో స్వెటర్లు ఎవరు కొంటారని అడగకండి. ఢిల్లీలోనో అమెరికాలోనో మనవలున్న వాళ్ళే నా గిరాకీ.) ముందు భాగం, వెనక భాగం, చేతులు అన్నీ సూదుల మీద అల్లుతాను. భుజాలూ పక్కలూ మాత్రం మా వీధి టైలర్ దగ్గర కుట్టిస్తాను. మొన్న అపార్ట్‌మెంట్ స్టాల్లో ఒకావిడ స్వెటర్ తిరగేసి చూసి, "లోపలంతా మెషిన్ కుట్టు, బోర్డు మీద చేతి అల్లిక అని ఎలా రాస్తారు?" అని నలుగురిలో నిలదీసింది. వారాల తరబడి అల్లింది కాస్త మెషిన్ కుట్టుతో చేతిపని కాకుండా పోతుందా? నేనైతే పోదంటాను.

మంగళగిరి కోడలు:
పోదండీ. మాది గుంట మగ్గం. మామగారు గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసిన చీర కొన్నవాళ్ళు ఫాల్, పికో ఎక్కడ చేయిస్తున్నారు? మెషిన్ మీదే కదా. అంతమాత్రాన అది చేనేత కాదన్నవాళ్ళు లేరు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కూడా చేమగ్గం అంటే పవర్‌లూమ్ కాని మగ్గం అంటుంది, అంతే. ఫాల్ ఎవరు కుట్టారో దానికి పట్టదు.

లబ్బీపేట పిన్ని:
అమ్మాయ్, చీరతో పోలిక కుదరదు. చీర మగ్గం దిగేసరికే చీర. మా అమ్మ జీవితమంతా ఫాల్ లేకుండానే కట్టింది. స్వెటర్ని అతక్కపోతే అవి ఉత్త ముక్కలు. అంటే అతుకు కూడా అల్లికలో భాగమే.

పైగా అల్లిక సాగుతుంది, మామూలు మెషిన్ కుట్టు సాగదు. పిల్లాడి తలలోంచి లాగేటప్పుడు భుజం దగ్గర దారం పుటుక్కుమంటుంది. అదే ఊలుతో చేత్తో కుట్టి చూడు. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, అంచు లూపు పక్కనున్న అడ్డ పోగును ఒకసారి ఇటు, ఒకసారి అటు సూదితో ఎత్తుకుంటూ పోవాలి. నాలుగైదు వరుసలకోసారి మెల్లగా లాగితే అతుకు ఎక్కడుందో కనిపించదు, అల్లికతో పాటే సాగుతుంది. కుట్టే ముందు ముక్కల్ని తడిపి, కొలతకు సర్ది, పిన్నులు పెట్టి ఆరబెట్టుకోవాలి. లేకపోతే ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. బద్ధకానికి చేనేతను అడ్డం పెట్టుకోకండి.

బ్రాడీపేట టైలర్:
పిన్నిగారూ, అన్ని మెషిన్ కుట్లూ ఒకటి కాదండీ. సన్న జిగ్‌జాగ్ కొంత సాగుతుంది, ఓవర్‌లాక్, అంటే అంచు మీదుగా దారాలు చుట్టే కుట్టు, ఇంకా బాగా సాగుతుంది. కాకపోతే ఓవర్‌లాక్ మెషిన్‌కి కత్తి ఉంటుంది, అది అంచు కోసేస్తుంది. రెండేళ్ళ తర్వాత పిల్లకి బిగువై, విప్పి మళ్ళీ అల్లుదామంటే ఊలు తుంపులు తుంపులుగా వస్తుంది. ఇంకో సంగతి, మెషిన్ పాదం కింద అల్లిక సాగి అతుకు అలలు తేలుతుంది. కొందరు దాని మీద ఇస్త్రీ పెట్టెయ్యమంటారు. ఆ పని మాత్రం చేయకండి. ఊలు పేరుతో అమ్మేవాటిలో ఆక్రిలిక్ చాలానే ఉంటుంది. వేడి తగిలితే చచ్చుబడి వేలాడుతుంది, మళ్ళీ మామూలుకు రాదు.

బెజవాడ ఊలుబంతి:
సాగుడు సంగతి నిజమే. కానీ బద్ధకం అనకండి పిన్నిగారూ. ఆ చేతి కుట్టుకి కూడా కూలి వేసుకుంటే ఆ ధర ఎవరు పెడతారు? ఇప్పటికే "బీసెంట్ రోడ్డులో ఇందులో సగానికి వస్తుంది" అంటున్నారు.

లబ్బీపేట పిన్ని:
ధర వేరు, బోర్డు వేరు. "చేత్తో అల్లాం, మెషిన్ మీద కుట్టాం" అని రాయి. కొనేవాళ్ళు కొంటారు.

మంగళగిరి కోడలు:
అలాగైతే మేమూ చీర మీద రాయాలేమో, నేత ఒకరిది, రంగు ఇంకొకరిది, పడుగు పోసింది వేరొకరని. పాత పడుగు పోగుకి కొత్త పోగు మెలిపెట్టి అతకడం కూడా ఒక పనే, దానికీ మనుషులున్నారు. అందరి చేతులూ పడితేనే చీర.

లబ్బీపేట పిన్ని:
అవన్నీ చేతులే కదమ్మా! నేనడిగేది మెషిన్ గురించి.

కొక్కెం గుంటూరు:
అసలు అతుకులే లేకుండా, గుండ్రటి సూది (రెండు కొనల్నీ వంగే తీగతో కలిపినది) మీద మెడ నుంచి కిందికి అల్లేస్తే ఈ గొడవే ఉండదుగా?

లబ్బీపేట పిన్ని:
ఊలుకైతే సరే. కాటన్ దారం బరువు, ఊలులా వెనక్కి ముడుచుకోదు. అతుకు పట్టు లేకపోతే రెండు ఉతుకులకి కిందికి జారిపోతుంది. అందుకే కాటన్‌కి భుజం అతుకు ఉండాలంటాను.

బెజవాడ ఊలుబంతి:
నాకొచ్చిన ఆర్డర్ కాటన్‌దే. భుజాలు చేత్తో కుడతాను. పక్కలు టైలర్ దగ్గర జిగ్‌జాగ్, ఓవర్‌లాక్ వద్దు. బోర్డు మాత్రం మార్చను.

లబ్బీపేట పిన్ని:
మార్చకు. ఆవిడ మళ్ళీ వచ్చి తిరగేసినప్పుడు భుజాలే చూపించు.