సమస్యాపూరణం: “రొట్టెలోన రాయి రుచిని బెంచె”

సమస్య ఇచ్చినవారు, కర్నూలు

ఈసారి ఇచ్చిన సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. మొన్న మా విసుర్రాయికి కక్కు కొట్టించాం, అంటే అరిగిన రాయిని ఉలితో మళ్లీ గరుకు చేయించాం. తొలి విసురు నూకలతో విసిరి పారబోయాలని తెలిసి కూడా, తొందరలో గోధుమలు పోసేశాను. ఆ పిండితో కాల్చిన బ్రెడ్డు కొరికితే పంటికింద కరకర. మొత్తం పారేశాం. మూడోసారి విసిరిన పిండితో కాలుస్తుంటే మాత్రం ఇల్లంతా కమ్మటి గోధుమ వాసన! అప్పుడు తట్టిన పాదమిది. బ్రెడ్డును రొట్టె అనే అందాం. రాయి పంటికింద పడకుండా పూరించండి.

పూరణ 1, అనంతపురం

తెల్లవారుజాము తిరుగలి పాటతో
గోధుమలను విసర గోరువెచ్చ
పిండి పొట్టుతోడ పిసికితి నీటితో,
రొట్టెలోన రాయి రుచిని బెంచె.

కర్నూలు: అక్కా, మొదటి పాదం చదవగానే చెవిలో రాయి తిరిగింది. ‘గోరువెచ్చ’ అనే మాట విసిరిన చేతికే తడుతుంది. రాయి అంచు నుంచి రాలే పిండిని అరచేతిలోకి తీసుకుంటే ఆ వెచ్చదనం తెలుస్తుంది. ‘పొట్టుతోడ’ అనడం ఇంకా నచ్చింది. గింజలో మొలక భాగం నూటికి 2, 3 పాళ్లే అయినా నూనె ఎక్కువగా ఉండేది అందులోనే. మైదాలో పొట్టూ మొలకా రెండూ పోతాయి. ఆ నూనె ఉంది కాబట్టే ఇంటి పిండి ఎక్కువ రోజులు నిలవుంటే చేదెక్కుతుంది, ఏ రోజుది ఆ రోజు విసురుకోవాలి.

ఒక్క సవరణ. ‘విసర’ అంటే ఎవరో విసిరితే మీరు పిసికినట్టు. ఆ ఎవరో పద్యంలో లేరు. ‘విసరి’ అంటే సరిపోతుంది.

అనంతపురం: నిజమే అన్నా. విసిరిందీ నేనే, పిసికిందీ నేనే. మార్చుకున్నాను.

పూరణ 2, కడప

కడప బండపైన కలిపిన ముద్దను
చల్లబడగ నుంచి సాగదీసి
పొంగినంత వేడి పొయ్యిలో గాల్చగా
రొట్టెలోన రాయి రుచిని బెంచె.

కర్నూలు: తిరుగలి వదిలి నాపరాయిని పట్టుకోవడం కడపవాళ్లకే చెల్లు. మన ఎండలకు ముద్ద గబగబా పొంగి పులిసిపోతుంది. చల్లటి బండమీద నిదానంగా పొంగితే రుచి వస్తుంది. రెండో పాదంలో చ–సా యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) సరిగ్గా ఉంది.

పూరణ 3, ఆదోని (క్రమాలంకారం: ప్రశ్నల వరుసలోనే జవాబులు)

ఎచట పొంగు నీస్టు? యేది గింజ పొడిగ
జేసె? తాజ పిండి జిహ్వకేమి
చేసెననుచు నడుగ చిన్నది చెప్పెను
“రొట్టెలోన, రాయి, రుచిని బెంచె.”

అనంతపురం: ప్రశ్నలు వరుసగా అమరాయి తమ్ముడూ. కానీ ‘ఈస్టు’ చివర ఉకారం ఉంది, దాని తర్వాత యడాగమం (అచ్చుకు ముందు ‘య’ చేరడం) రాదు. “ఎచట నీస్టు పొంగె నేది గింజ పొడిగ” అని చూడు. గణాలు చెడవు, స్వరయతీ (ఎ–ఏ అచ్చుల జోడీ) నిలుస్తుంది.

ఆదోని: ధన్యవాదాలక్కా, అలాగే మారుస్తాను.

కడప: అన్నా, విసిరిన పిండి జల్లెడ పట్టాలా?

కర్నూలు: పట్టు. పైన నిలిచిన రవ్వను పారేయకుండా మళ్లీ రాయిలో పోయి, రెండో విసురుకు మెత్తబడుతుంది. అంతా కలిపి, నీళ్లు మైదాకంటే కాస్త ఎక్కువే పోసి అరగంట ఉంచు. పొట్టు నాని మెత్తబడ్డాక ఈస్టు కలుపు.