హవియెర్ సెర్కాస్ నవలలు: పెద్దతాత కథ రాయడానికి ఆయన పద్ధతి పనికివస్తుందా?

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక పాఠకుడు)

స్పానిష్ నవలాకారుడు హవియెర్ సెర్కాస్ రాసిన 'సోల్జర్స్ ఆఫ్ సలమిస్' ఇంగ్లీషు అనువాదాన్ని ఇటీవలే చదివాను. స్పెయిన్ అంతర్యుద్ధం ముగియవచ్చిన 1939 జనవరి చివరలో, ఫ్రాన్స్ సరిహద్దు వైపు వెనుదిరుగుతున్న రిపబ్లికన్ సైన్యం కొల్యెల్ మఠం దగ్గర ఖైదీలను ఒక్కచోట నిలబెట్టి కాల్చివేస్తుంది. వారిలో ఒకడైన రఫాయెల్ సాంచెస్ మాసాస్ తప్పించుకొని అడవిలో పడతాడు. అతడు కవి, ఫలాంగె అనే ఫాసిస్టు పార్టీని నెలకొల్పిన వారిలో ఒకడు. కళ్లద్దాలు పోగొట్టుకొని, వానలో తడుస్తూ, ఒక గుంటలో నక్కి ఉన్న అతణ్ణి వెతకవచ్చిన సైనికుడొకడు చూడనే చూస్తాడు. అక్కడెవరైనా ఉన్నారా అని తోటివారు కేక వేస్తే, అతని కళ్లలోకి చూస్తూనే ఎవరూ లేరని బదులు చెప్పి వెళ్లిపోతాడు.

ఈ ఘట్టం నన్ను వదలకపోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా పెద్దతాత సూర్యాపేట తాలూకాలో ఒక దొరవారి గడీలో లెక్కలు రాసే గుమాస్తా. సాయుధ పోరాట కాలంలో దళం వాళ్లు ఆయనను తీసుకుపోయారు, తిరిగి రాలేదు. దళంలోనే ఉన్న ఒక మనిషి ముందురోజు రాత్రి దొడ్డిదారిన వచ్చి, ఊరు విడిచి పొమ్మని చెప్పి వెళ్లాడని మా బాపమ్మ అనేది. ఆ మనిషి పేరు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. దీనిని రాయాలని ఉన్నది. సెర్కాస్ పుస్తకం చరిత్రా, నవలా? ఆ దారిలో మనవంటివారు నడవవచ్చునా? ఆయనవి తరువాత ఏవి చదవాలి?

జవాబు 1 (దేవరకొండ నుంచి ఒక అధ్యాపకురాలు)

చరిత్రా, నవలా అన్న మీ సందేహం పుస్తకం మొదటి పేజీలోనే పుట్టేటట్లు ఆయన కావాలనే రాశారు. కథ చెప్పే మనిషి పేరు కూడా హవియెర్ సెర్కాసే. కానీ అతడు పత్రికా విలేఖరి, తండ్రి చనిపోయాడు, భార్య విడిచిపోయింది. అసలు సెర్కాస్ అప్పటికి హిరోనా విశ్వవిద్యాలయంలో స్పానిష్ సాహిత్యం బోధిస్తున్న అధ్యాపకుడు, తండ్రి బతికే ఉన్నారు. సాంచెస్ మాసాస్ నిజం, కాల్పులు నిజం, అడవిలో అతనికి అన్నం పెట్టి దాచిన పల్లె యువకులు నిజం. మూడవ భాగంలో వచ్చే మిరాయెస్ అనే ముసలి సైనికుడి దగ్గరికి వచ్చేసరికి నేల మారుతుంది. కొల్యెల్ తోటలో ఒక యువ సైనికుడు తుపాకిని జోడీగా హత్తుకొని 'సస్పిరోస్ దె ఎస్పాన్యా' పాటకు నాట్యం చేశాడని అంతకుముందే చదువుతాము. అదే పాటకు మిరాయెస్ కూడా ఆడినట్లు తరువాత తెలుస్తుంది. ఫ్రాన్స్‌లోని దిజోఁ పట్టణపు వృద్ధాశ్రమంలో అతణ్ణి పట్టుకొని, ఆ రోజు వదిలిపెట్టింది నువ్వేనా అని అడిగితే, కాదు అంటాడు. తనకు దొరకనిది ఎక్కడ మొదలవుతుందో రచయిత దాచలేదు, వెతుకులాటనే కథగా మలిచాడు. మీ బాపమ్మ చెప్పని ఆ పేరును కల్పించి పెట్టకుండా, అది లేకపోవడం చుట్టూ రాయగలిగితే మీరూ ఆ దారిలోనే నడిచినట్లు.

మీరు తరువాత చదవవలసింది మాత్రం 2017లో స్పానిష్‌లో వచ్చిన 'లార్డ్ ఆఫ్ ఆల్ ద డెడ్'. సెర్కాస్ 1962లో ఎస్త్రెమదూరా ప్రాంతంలో ఇబాహెర్నాందో అనే పల్లెలో పుట్టారు. ఆయనకు నాలుగేళ్లప్పుడు కుటుంబం కాటలూన్యాలోని హిరోనాకు వలసపోయింది. మన పాలమూరు వలసలను చూసినవారికి ఆ ఊరి పరిస్థితి వివరించనక్కరలేదు. ఆ పల్లెలో ఆయన తల్లికి చిన్నాన్న వరుసయ్యే మాన్యుయెల్ మేనా కుటుంబానికంతటికీ వీరుడు. రిపబ్లికన్లను ఓడించి తరువాత దేశాన్ని నియంతగా ఏలిన జనరల్ ఫ్రాంకో పక్షాన పోరాడి, 1938లో ఎబ్రో నది యుద్ధంలో పందొమ్మిదేళ్లకే చనిపోయాడు. సెర్కాస్ దృష్టిలో ఆ యువకుడు నిలబడింది తప్పు పక్షాన. పేదపల్లెలో కొద్దిపాటి భూములున్న కుటుంబం, తనకంటే పేదవారికి భయపడి భూస్వాముల వైపు ఎట్లా ఒరిగిందో ఆ పుస్తకంలో చదువుతున్నప్పుడు, దొరా కాక రైతూ కాక గడీలో కలం పట్టిన మీ పెద్దతాత మీకు తప్పక గుర్తుకు వస్తారు. నిర్మాణం కూడా గమనించండి. ఒక అధ్యాయంలో 'నేను' అని రాసిన మనిషే మరుసటి అధ్యాయంలో చరిత్రకారుని గొంతుతో, తనను కూడా 'హవియెర్ సెర్కాస్' అని పరాయివానివలె పిలుస్తూ రాస్తాడు. ఇంటి ప్రేమ ఒక వరుసలో, కాగితాల సాక్ష్యం మరొక వరుసలో నడుస్తాయి.

జవాబు 2 (మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు)

పై జవాబులో చెప్పినది కాదనను గాని, ఒక అభ్యంతరం ఉన్నది. సెర్కాస్‌ను స్పెయిన్‌లోనే కొందరు విమర్శకులు తప్పుపట్టారు: ఫాసిస్టు ప్రాణం దక్కిన కథకు అంత వెలుగు ఇచ్చి, గెలిచినవారి చేతిలో పోయిన వేలమందిని వెనక్కి నెట్టాడని, రెండు పక్షాలనూ ఒకే తరాజులో తూచాడని. నేను పూర్తిగా అంగీకరించను, ఎందుకంటే మీరు చదివిన నవలలో చివరికి మన మనసు నిలిచేది సాంచెస్ మాసాస్ దగ్గర కాదు, ఏ పింఛనూ పేరూ లేక ముసలివాడైన మిరాయెస్ దగ్గర, అతని చనిపోయిన స్నేహితుల దగ్గర. అయినా మన నేల మీద ఈ ప్రమాదం ఎక్కువ. వెట్టిచాకిరి, రజాకార్ల దాడులు, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం, 1948 సెప్టెంబరు తరువాత భారత సైన్యం కమ్యూనిస్టు దళాల వెంటపడటం, 1951లో పోరాట విరమణ: వీటన్నిటినీ నేపథ్యంగా రెండు పేరాల్లో తేల్చివేసి, గుమాస్తా తాత మంచితనం మీద నవల నిలిపితే దొర చల్లగా తప్పించుకుంటాడు. ఆ గడీ లెక్కల పుస్తకంలో ఎవరి అప్పు ఎంతకు పెరిగిందో కూడా మీరే రాయాలి.

ఆయన రచనల్లో నాకు నచ్చినది 2009 నాటి 'ది అనాటమీ ఆఫ్ ఎ మొమెంట్'. 1981 ఫిబ్రవరి 23న సివిల్ గార్డులనే సాయుధ పోలీసులు సైనిక కుట్రలో భాగంగా స్పెయిన్ పార్లమెంటులో చొరబడి కాల్పులు జరిపినప్పుడు సభ్యులంతా బల్లల కింద దూరగా, ప్రధాని అదోల్ఫో సువారెస్, జనరల్ గుత్యెర్రెస్ మెయాదో, కమ్యూనిస్టు నాయకుడు సాంతియాగో కర్రీయో మాత్రం దాక్కోలేదు. ఫ్రాంకో వ్యవస్థలో పెరిగినవారు ఇద్దరు, ఆ వ్యవస్థతో జీవితమంతా పోరాడినవాడు ఒకడు. దీనిని ఆయన ముందు మామూలు నవలగానే రాయబోయి, వాస్తవం ముందు కల్పన వెలవెలపోతున్నదని దానిని పక్కన పెట్టి, కల్పన లేని పుస్తకంగా రాశారు. మీ విషయంలో కూడా కల్పన అవసరమా అన్నది ముందు తేల్చుకోండి.

జవాబు 3 (మిర్యాలగూడ నుంచి, గ్రంథాలయంలో పనిచేసినవాడిని)

ఇద్దరూ వదిలిన పుస్తకం ఒకటున్నది. 2014లో వచ్చిన 'ది ఇంపాస్టర్'. ఎన్రిక్ మార్కో అనే బార్సెలోనా మనిషి, తాను నాజీల ఫ్లోసెన్‌బ్యుర్గ్ శిబిరంలో ఖైదీగా ఉన్నానని ఏళ్ల తరబడి బడిపిల్లలకు చెప్పి, శిబిరాల నుంచి బయటపడిన స్పెయిన్ వారి సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు. నిజానికి అతడు 1941లో కూలికి ఒప్పుకొని స్వచ్ఛందంగా జర్మనీ వెళ్లినవాడు. బెనీతో బెర్మెహో అనే చరిత్రకారుడు కాగితాలు తిరగేసి 2005లో ఈ సంగతి బయటపెట్టాడు. సెర్కాస్ అతనితో గంటల తరబడి మాట్లాడి, అబద్ధంలోని ఒక్కొక్క పొరనూ విప్పుతూ, తాను కూడా కల్పనతో బతికేవాడినే కదా అన్న ప్రశ్నను తప్పించుకోకుండా రాశాడు. నోటి మాటను నమ్ముకొని చరిత్ర రాయబోయే ప్రతివారూ చదవవలసిన పుస్తకమిది. మీ బాపమ్మ అబద్ధమాడిందని నా ఉద్దేశం కాదు. ఆమెకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అదే సంగతిని దళం వైపు కుటుంబాలు ఎట్లా చెప్పుకుంటున్నాయి అన్నవి వేర్వేరుగా రాసిపెట్టుకోండి, అప్పుడే కలపవద్దు.

పోలీసు నవలలు ఇష్టమైతే 2019లో ప్లానెటా బహుమతి పొందిన 'తెర్రా ఆల్తా' కూడా చదవవచ్చు. మాన్యుయెల్ మేనా ప్రాణం పోయిన ప్రాంతమే దానికి రంగస్థలం, యుద్ధం నాటి పగలు అందులోనూ తొంగిచూస్తాయి. కానీ మీ పనికి అది తొందరేమీ లేదు.

ఇక కాగితాల మాట. నిజాం కాలపు రికార్డులు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎక్కువ భాగం ఉర్దూ, ఫారసీ. షికస్తా అనే గొలుసుకట్టు లిపిలోని చేతిరాత చదవగల పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకొని వెళ్లండి. ఊరి పేరు, తాలూకా, ఫసలీ సంవత్సరం (నిజాం కాలపు రెవెన్యూ లెక్కల సంవత్సరం) ముందే రాసుకొని పోతే వెతికేవారికి తేలిక అవుతుంది.