అప్పు మీద శాసనసభలో విడిగా ఓటింగ్ పెట్టాలా?

అరండల్‌పేట_ఆడిట్:
బడ్జెట్ ఒకసారి పాసయ్యాక మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎప్పుడు ఎంత అప్పు తెస్తోందో సభకు పట్టడం లేదు. మంగళవారం రిజర్వ్ బ్యాంకు వేలంలో బాండ్లు (అప్పు పత్రాలు) అమ్ముతారు, మర్నాడు డబ్బు ఖాతాలో పడుతుంది, మనం పేపర్లో చదువుకుంటాం. ఏ పార్టీ ఉన్నా ఇదే వరస. అమెరికాలోలాగా అప్పుకు ఒక గరిష్ఠ అంకె పెట్టి, దాన్ని దాటాలంటే మళ్లీ చట్టం చేయాల్సిందే అనాలి. ప్రతిపక్షానికి ఆ పట్టు లేనంతకాలం ఖర్చు అదుపులోకి రాదు. ఎక్కడ పొరబడ్డానో చెప్పండి.

పటమట_పద్దులు:
పట్టు ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ మీరు పెట్టమంటున్న చోటు సరైంది కాదండీ. ఖర్చుకు ముందే ఓటేసి, దానికి కావాల్సిన అప్పు దగ్గర మళ్లీ ఓటు అడగడమంటే, సరుకు దించుకున్నాక డబ్బులివ్వాలా వద్దా అని చర్చ పెట్టడమే. అమెరికాలో 1960 నుంచి 78 సార్లకు పైగా ఆ పరిమితిని పెంచడమో, పొడిగించడమో, దాని నిర్వచనం మార్చడమో చేశారు. అప్పు మాత్రం ఆగలేదు. 2011లో ఆగస్టు 2 గడువు దాకా లాగి సర్దుకున్నా, అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే రేటింగ్‌ను మూడు రోజులకే ఎస్ అండ్ పీ సంస్థ తగ్గించింది. 2025 జులైలో ఒక్కసారే 5 లక్షల కోట్ల డాలర్లు పెంచి 41.1 లక్షల కోట్లకు చేర్చారు.

అమెరికా షట్‌డౌన్‌ను దీంతో కలపొద్దు. 2025 అక్టోబరు 1 నుంచి అక్కడ 43 రోజులు ఆఫీసులు మూతపడింది ఖర్చుల బిల్లు కుదరక. అప్పు పరిమితి వేరే సంగతి.

బ్రాడీపేట_నాలుగోలైను:
అమెరికా దాకా ఎందుకు, 2020 జూన్‌లో మన అసెంబ్లీ ఉన్న వెలగపూడిలోనే ఇలా బిల్లు ఆగింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఖర్చులకు ఆర్డినెన్సుతో ఓటాన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్ పాసయ్యేదాకా తాత్కాలిక అనుమతి) తెచ్చారు. జూన్ 17న అసెంబ్లీ ద్రవ్య వినిమయ బిల్లు (ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతించేది) పాస్ చేసింది. అసెంబ్లీలో వైసీపీకి, మండలిలో టీడీపీకి బలం. రాజధాని బిల్లుల గొడవలో ఈ బిల్లు తేలకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది. రాజ్యాంగం 198వ అధికరణ ప్రకారం 14 రోజుల్లో మండలి తిప్పి పంపకపోతే బిల్లు రెండు సభల్లోనూ పాసయినట్టే. జూన్ 17కు 14 కలపండి, జులై 1 అవుతుంది. ఓటాన్ అకౌంట్ జూన్ 30తో సరి. అంటే మండలి తనకున్న గడువు మొత్తం వాడుకుంటే ఖజానా ఆగేలాగే తేదీలు పడ్డాయి. ఆ నెల జీతాలు, పింఛన్లు ఆలస్యమయ్యాయి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. అప్పు మీద వడ్డీ ఛార్జ్‌డ్ ఖర్చు, దానికి సభ ఓటు అక్కర్లేదు. కానీ సంచిత నిధి (రాష్ట్ర ప్రధాన ఖజానా) నుంచి తీయాలంటే దానికీ ద్రవ్య వినిమయ చట్టం ఉండాల్సిందే. బిల్లు ఆగితే జీతంతోపాటు వడ్డీకీ దారి మూసుకుంటుంది.

అరండల్‌పేట_ఆడిట్:
తేదీల లెక్క సరే. అయితే రాజ్యాంగం 293(1) అధికరణ చూడండి. శాసనసభ చట్టం చేసి అప్పుకూ, గ్యారంటీలకూ (ఇతరుల అప్పులకు ప్రభుత్వం ఇచ్చే హామీలకూ) హద్దు పెట్టవచ్చని అందులోనే ఉంది. నేను కొత్తగా అడుగుతున్నదేం లేదు.

పటమట_పద్దులు:
ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం (లోటుకూ, అప్పుకూ పరిమితి పెట్టే చట్టం) ఆ హద్దే కదండీ. మనకు 2005 నుంచీ ఉంది. పైన కేంద్రం పరిమితి కూడా ఉంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం దాని సమ్మతి లేకుండా కొత్త అప్పు తేలేదు. 15వ ఆర్థిక సంఘం 2023-24 నుంచి 2025-26 దాకా పెట్టిన హద్దు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం, విద్యుత్ సంస్కరణలు చేస్తే ఇంకో అర శాతం. ఉదాహరణకు ఉత్పత్తి 16 లక్షల కోట్లనుకుంటే 3 శాతం 48,000 కోట్లు. ఇందులో మొదటి తొమ్మిది నెలలకు కొంత ఇచ్చి, మిగతాది చివరి మూడు నెలలకు వదులుతారు. కార్పొరేషన్ల పేరుతో తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పుల్ని 2022 నుంచి ఇందులోనే కలిపి లెక్కిస్తున్నారు. దీని మీదే కేరళ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2024 ఏప్రిల్ 1న మధ్యంతర ఉత్తర్వు నిరాకరించి అయిదుగురు జడ్జీల ధర్మాసనానికి పంపారు.

ఇన్ని హద్దులున్నా కారుతూనే ఉంది, ఎందుకంటే సభ పట్టు అన్ని చోట్లా లేదు. ఉద్యోగుల పీఎఫ్, పీడీ ఖాతాల్లోని (శాఖలు, సంస్థలు ఖజానాలో ఉంచుకునే ఖాతాలు) డిపాజిట్లు పబ్లిక్ అకౌంట్‌లో, అంటే ప్రభుత్వం దగ్గర దాచిన ఇతరుల డబ్బులో, ఉంటాయి. కేంద్రం పరిమితి లెక్కలో వాటినీ కలుపుతారు, కానీ అక్కడి నుంచి తీయడానికి సభ ఓటు అవసరం లేదు. బాండ్ల దారి మూస్తే చెయ్యి అటు వెళ్తుంది. అదీ చాలకపోతే వేస్ అండ్ మీన్స్ (రిజర్వ్ బ్యాంకు ఇచ్చే స్వల్పకాల అప్పు), ఆపైన ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ). ఓడీ వరసగా 14 పనిదినాలు దాటితే రిజర్వ్ బ్యాంకు చెల్లింపులు ఆపేస్తుంది.

కృష్ణలంక_బిల్లులు:
అసలు పెద్ద చిల్లు చెల్లించని బిల్లులు. మన ప్రభుత్వ పద్దులు నగదు పద్ధతివి, డబ్బు బయటికి వెళ్లిన రోజే ఖర్చు. పని అయిపోయి, కొలతల పుస్తకంలో ఎక్కి, బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో (రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) పడినా, డబ్బు విడుదల కానంతవరకు లోటులో కనిపించదు. మార్చిలో 100 కోట్ల బిల్లులు ఆపితే ఆ ఏడాది లోటు 100 కోట్లు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి కాంట్రాక్టరు దగ్గర వడ్డీ లేకుండా తెచ్చుకున్న అప్పది. ఆ వడ్డీని ఆయన తర్వాతి టెండరు రేటులో కలుపుతాడు. ఎక్కువ నలిగేది హాస్టళ్లకు కూరగాయలు పోసే చిన్నవాళ్లు, వాళ్లకు రేటు పెంచుకునే వీలు కూడా లేదు. అరండల్‌పేట గారు అడిగే అంకె బాండ్ల వరకే అయితే, హద్దు తగిలిన రోజు మొదట ఆగేది వీళ్ల డబ్బే.

అరండల్‌పేట_ఆడిట్:
ఇది నేను లెక్కలోకి తీసుకోలేదు. అయితే ఓటు ఉండాలన్న మాట వదులుకోను, సమయం మారుస్తాను. ద్రవ్య వినిమయ బిల్లుతోపాటే అప్పు, గ్యారంటీలు, పబ్లిక్ అకౌంట్ వాడకం, మార్చి 31 నాటి పెండింగ్ బిల్లులు కలిపి ఒకే అంకె మీద ఓటు. మధ్యలో అదనపు ఖర్చుకు అనుబంధ పద్దు తెచ్చినప్పుడల్లా ఆ అంకె మళ్లీ సభ ముందుకు రావాలి.

బ్రాడీపేట_నాలుగోలైను:
సభలో మెజారిటీ ఉన్నవాళ్లు ఏ అంకెకైనా ఓటేస్తారు, మీరు కోరే పట్టు దాంతో రాదు. నాకు పెండింగ్ బిల్లుల వివరం శాఖలవారీగా, తేదీతో సహా ప్రతి నెలా బయటపెట్టడం ముఖ్యం. కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నెలవారీ లెక్కల్లో రాబడి, ఖర్చు, అప్పు వస్తున్నాయి, ఈ కాలమ్ ఒక్కటీ లేదు.

కృష్ణలంక_బిల్లులు:
తేదీ అంటే బిల్లు అప్‌లోడ్ చేసిన తేదీ కాదు, పని పూర్తయి కొలతలు రాసిన తేదీ పెట్టాలి. లేకపోతే అప్‌లోడే ఆపేస్తారు.