టేకు కుర్చీల పాత పాలిష్ ఇంట్లోనే తీయొచ్చా? (చెన్నై తెలుగువాళ్లకు)

పెరంబూరు_పిట్ట: నెల్లూరు నుంచి తాతగారి టేకు కుర్చీలు నాలుగు, స్టూళ్లు రెండు తెచ్చుకున్నాం. కుర్చీల పాలిష్ నల్లబడింది. స్టూళ్లకు ఎప్పుడో ఎవరో పచ్చ ఎనామిల్ కొట్టారు. ఒక స్టూలు కాలు ఊగుతోంది. మాది రెండో అంతస్తు, చిన్న బాల్కనీ. ఎలా గీకాలి, ఏం పూయాలి, ఖర్చెంత అవుతుంది?

కింద_ఇంటాయన: ముందు అసోసియేషన్‌లో చెప్పి మొదలుపెట్టండి. మా పైవాళ్లు ఆదివారం పొద్దున్నే మిషన్ పెట్టి రుద్దితే దండెం మీది బట్టలన్నీ దుమ్ము కొట్టుకుపోయాయి. అడిగితే పాత సామాన్ల మీద ప్రేమట. అంత ప్రేమ ఉంటే తలుపులేసుకుని రుద్దుకోవచ్చుగా!

లక్కబిళ్ల: ఇప్పుడు దాని మీద ఉన్నదేమిటో చూడకుండా ఉప్పుకాగితం పట్టొద్దు. సీటు అడుగున కనబడని చోట దూదితో స్పిరిట్ అద్దండి. జిగురుగా కరిగితే లక్క పాలిష్. స్పిరిట్‌కి కదలక థిన్నర్‌కి కరిగితే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్. రెండింటికీ లొంగకపోతే వార్నిషో పీయూనో (పాలియురేథేన్ పూత). తాతల నాటి టేకు అంటే చాలావరకు లక్కే. దానికి గీకుడు అక్కర్లేదు, స్పిరిట్, స్టీల్ ఊల్, పాత బనియన్ గుడ్డ చాలు. మళ్లీ లక్కే పట్టించండి.

కోటింగ్_కింగ్: చెన్నైలో లక్కా! మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని, చెప్తున్నా వినండి. వానాకాలంలో తెల్లగా మబ్బు పడుతుంది. వేడి కాఫీ డబరా పెడితే తెల్లటి వలయం. టూ-ప్యాక్ పీయూ, అంటే రెండు డబ్బాలు కలిపి పూసేది, కొట్టి హాయిగా ఉండండి.

లక్కబిళ్ల: కూర్చునే కుర్చీ మీద డబరా ఎందుకు పెడతారు సార్? స్పిరిట్ ఆరేటప్పుడు పైపొర చల్లబడి గాల్లో తేమను లాగుతుంది, మబ్బు అందుకే. ఎన్.సి. లాకర్‌కీ అదే గతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వదిలేసి ఎండలు ముదిరాక చేసుకుంటే సరి. మీ పీయూలో గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌కి తేమ తగిలితే బుడగలు రావా? అందులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. ఇంట్లో స్ప్రే చేస్తే ఆస్తమా తెచ్చుకున్నట్టే.

కోటింగ్_కింగ్: స్ప్రే అని నేనెక్కడన్నాను? బ్రష్షు అనే మాట మీ పుస్తకాల్లో లేదేమో.

లక్కబిళ్ల: పుస్తకాలు కాదు సార్, చేత్తో చేసే చెప్తున్నా. లక్క మీద గీత పడితే ఆ చోటే స్పిరిట్‌తో కలిసిపోతుంది. పీయూ మీద పడితే మొత్తం గీకాలి. మీకు రెండోసారి గిరాకీ, అంతేగా!

ఇందిరానగర్_తెలుగోడు: బెంగళూరులో మాకు ఈ మబ్బుల గోలే లేదు. పొద్దున పూస్తే మధ్యాహ్నానికి కూర్చుంటాం.

కింద_ఇంటాయన: నీళ్ల ట్యాంకర్ వచ్చిందా తమ్ముడూ?

చూళైమేడు_అక్క: పచ్చ ఎనామిల్ సంగతి ఎవరికీ పట్టలేదా? పాత ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొట్టిన రంగును నమ్మలేం. పొడిగా రుద్దనే వద్దు, ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు. పెయింట్ రిమూవర్ పూసి, పొంగాక పుట్టీ బ్లేడుతో లాగేయండి. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని. మిగిలినదాన్ని నీళ్లతో తడిపి వాటర్ పేపర్‌తో తీయండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

రిటైర్డ్_రైల్వే: ఇంత హంగామా ఎందుకమ్మా, కాస్టిక్ సోడా నీళ్లు కొడితే పోతుంది.

చూళైమేడు_అక్క: టేకు నల్లబడుతుంది బాబాయ్ గారూ. తర్వాత ఆ నలుపు వదిలించడానికి ఇంకో మందు.

పెరంబూరు_పిట్ట: స్పిరిట్ అద్ది చూశాను, కరిగింది. లక్క రేకులు దొరుకుతాయా, రెడీమేడ్ సీసా కొననా?

లక్కబిళ్ల: మన చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు హార్డ్‌వేర్ కొట్లలో అడగండి. రేకులే కొని కొంచెం కొంచెంగా కలుపుకోండి. కలిపి నెలల తరబడి నిల్వ ఉంచిన లక్క సరిగ్గా ఆరదు, కూర్చుంటే చొక్కా అంటుకుంటుంది. కాలి కుసి (రంధ్రంలో దూరే కొస) వదులైతే పాత జిగురంతా గీకాకే ఫెవికాల్ పెట్టి తాడుతో బిగించండి. పాత జిగురు మీద కొత్తది పట్టదు.

కోటింగ్_కింగ్: ఖర్చు అడిగారు కదా, ఫొటో పెట్టండి. చూడకుండా రేటు చెప్పను.

లక్కబిళ్ల: చూసినా పీయూ రేటే చెప్తారు.

కొత్తిల్లు_కోడలు: మేం అవిసె నూనె రాశాం, రంగు భలే తేలింది.

రిటైర్డ్_రైల్వే: ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకమ్మా, వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరేయి.

కొత్తిల్లు_కోడలు: అయ్యో, అలాగే బాబాయ్ గారూ. ఇంకొకటి, మా కుర్చీ పేము సీటు కిందికి జారిపోయింది. అల్లేవాళ్లు ఎవరైనా తెలుసా?

చూళైమేడు_అక్క: అల్లిక తెగకపోతే అల్లేవాళ్లతో పని లేదు. అడుగు వైపు నుంచి వేడినీళ్ల గుడ్డతో బాగా తడిపి, ఎవరూ కూర్చోకుండా పూర్తిగా ఆరనివ్వండి, బిగుస్తుంది. ప్లాస్టిక్ వైరుకి మాత్రం పనిచేయదు.

కొత్తిల్లు_కోడలు: మాది ప్లాస్టిక్కే అక్కా.