అబ్సల్యూట్ బ్యాట్‌మన్ రెండో భాగం కొనాలా, అల్టిమేట్ స్పైడర్‌మన్ మొదలుపెట్టాలా?

బుడమేరు_గబ్బిలం:

అందరికీ నమస్తే. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు కింది అరలో ఉన్న నా కామిక్స్ అన్నీ పోయాయి. పాత చందమామలు ఎండబెడితే ముడతలు పడ్డా చదవడానికి పనికొచ్చాయి గానీ, ఈ నున్నటి కాగితం ఉంటుంది చూడండి, అది తడిసి ఆరిందంటే పేజీలన్నీ అతుక్కుపోయి ఇటుకే. ఒకటి విడదీద్దామని గోరు పెడితే బ్యాట్‌మన్ మొహం ఎదుటి పేజీకి అంటుకుని ఊడొచ్చేసింది, ఇటువైపు తెల్ల మచ్చ మిగిలింది. ఇక జన్మలో అచ్చు పుస్తకం కొనను, ఫోన్‌లోనే చదువుకుంటానని మా ఆవిడ ముందు ఒట్టేశా.

ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి మొన్న అబ్సల్యూట్ బ్యాట్‌మన్ (బ్యాట్‌మన్ కథనే మొదటినుంచి మార్చి చెప్పే కొత్త సిరీస్) మొదటి భాగం తెప్పించా. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రగొట్టా బొమ్మలు, ఆరు సంచికలు కలిపిన పుస్తకం. కొరియర్‌లో ఒక మూల నలిగి వచ్చింది, దాని సంగతి ఇక్కడ వద్దు, మళ్లీ బీపీ పెరుగుతుంది.

(చదవనివాళ్లు ఈ పేరా దాటేయండి.) ఇందులో బ్రూస్ వేన్ (అదే, మన బ్యాట్‌మన్) దగ్గర డబ్బు లేదు, మేడ లేదు. సిటీ ఇంజినీరు, ఇరవై నాలుగేళ్లు. నాన్న బడిపంతులు, పిల్లల్ని జూకి తీసుకెళ్లిన రోజు కాల్పుల్లో పోతాడు. ఆల్ఫ్రెడ్ ఇంట్లో పనిచేసే పెద్దాయన కాదు, బ్రిటిష్ గూఢచారి. అందరూ ఆ గొడ్డలి గురించే మాట్లాడుతున్నారు, ఛాతీ మీద గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలైపోతుంది, ఆ పేజీకి నేనూ ఈల వేశా, కాదనను. కానీ నన్ను పట్టుకున్నది గొడ్డలి కాదు, అమ్మ. పాత కథల్లో బ్రూస్ అమ్మానాన్నలు ఇద్దరూ కాల్పుల్లో పోతారు, అమ్మ మెడలో ముత్యాల దండ తెగి రాలడం ఇప్పటికి ఎన్ని వందలసార్లు చూశామో, ఇక్కడ ఆ అమ్మ, మార్తా, బతికే ఉంది. ఉద్యోగం చేస్తుంది, కొడుకు గురించి బెంగపడుతుంది. ఇన్నేళ్లూ బ్యాట్‌మన్‌కి ఇంట్లో అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు కదా, అడిగేవాళ్లు ఎవరున్నారు? డబ్బు తీసేయడం పెద్ద మార్పు అంటున్నారు గానీ, అసలు మార్పు ఇదే అని నా లెక్క.

నచ్చనిదీ ఉంది. పేజీ నిండా చిన్న చిన్న ప్యానెళ్లు, వాటి పైన బ్రూస్ మనసులో మాటల డబ్బాలు, కొన్నిచోట్ల బొమ్మ చెప్పేసిందాన్నే డబ్బా మళ్లీ చెబుతుంది. నాలుగో సంచిక గాబ్రియేల్ వాల్టా గీశారు, అక్కడ కాస్త ఊపిరి ఆడింది.

రెండో భాగంలో బేన్ అనే విలన్ వస్తాడట. రెండు నెలలకు ఒక పుస్తకం, అంతకంటే నా వల్ల కాదు. ఇది కొనసాగించనా, లేక అల్టిమేట్ స్పైడర్‌మన్‌తో మొదలెట్టనా?

బ్రాడీపేట_నాన్న:

స్పైడర్‌మన్. ఆలోచించకుండా.

సరే, కారణం చెప్తా. 2024 జనవరిలో మొదలైంది, జొనాథన్ హిక్‌మన్ రాశారు, మార్కో చెకెట్టో బొమ్మలు. ఇదీ పాత కథని మార్చి చెప్పేదే: పీటర్‌ని (స్పైడర్‌మన్ అసలు పేరు) సాలీడు కుట్టాల్సిన వయసులో కుట్టలేదు, కుట్టకుండా ఒకడు అడ్డుపడ్డాడు. ఇప్పుడు పీటర్‌కి ముప్ఫై అయిదు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, పేపరాఫీసులో ఉద్యోగం. పాత కథలో చనిపోయే అంకుల్ బెన్ ఇక్కడ బతికే ఉన్నాడు, ఆయన భార్య మే లేదు. నా వయసు ముప్ఫై ఎనిమిది, గుంటూరులో ఇద్దరు పిల్లలతో అద్దె ఇల్లు, ఇక నాకెవడు దగ్గరో మీరే చెప్పండి. నాలుగో సంచిక మొత్తం ఒక హోటల్లో రెండు జంటలు భోజనానికి కూర్చుని మాట్లాడుకోవడమే. ఒక్క ఫైటు లేదు, అయినా పుస్తకం కింద పెట్టలేదు.

మా పెద్దదానికి రాత్రిపూట తెలుగులో చెబుతూ చదివి వినిపిస్తున్నా, అక్కడ ఒక తమాషా. ‘అంకుల్ బెన్’ అని ఇంగ్లీషువాడు ఒక్క మాటలో తేల్చేశాడు, మనకు అలా కుదరదు కదా. నేను అలవాటుగా బెన్ బాబాయ్ అన్నా. అది పట్టుకుంది, ‘బాబాయ్ అంటే నాన్న తమ్ముడు కదా, చిన్నవాడా?’ అని. వెతికితే బెన్ పీటర్ నాన్నకు అన్న. అంటే పెదనాన్న! ముప్ఫై ఏళ్లుగా తప్పు వరస కలుపుతున్నా. పీటర్ పిల్లలకేమో తాతయ్య. ‘బెన్ తాతయ్య’ అనేసరికి ఆ ముసలాయన, పేపరాఫీసు జేమ్సన్ కలిసి పాత ఉద్యోగం వదిలేసి సొంతంగా పేపరు పెట్టే భాగం మా ఇంట్లో ఎవరో రిటైరైన మాస్టారి కథలా అయిపోయింది. పిల్లకు స్పైడర్‌మన్ కంటే ఆ ఇద్దరు ముసలాళ్లే ఎక్కువ నచ్చారు.

ఒక్క లోపం. ఇందులో కాలం మన కేలండర్‌తో పాటే నడుస్తుంది, సంచికకీ సంచికకీ మధ్య నెల గడిచిపోతుంది. ఆ నెలలో ఏదో పెద్దదే జరిగుంటుంది, మనకు రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్లిపోతారు. భోజనానికి కూర్చోబెట్టి పప్పు వడ్డించి కూర వంటింట్లోనే మర్చిపోయినట్టు. మధ్యమధ్యలో డేవిడ్ మెస్సీనా గీస్తారు, బాగానే ఉంటుంది గానీ చెకెట్టో మొహాలు అలవాటయ్యాక కొత్త పనిమనిషి పెట్టిన కాఫీలా ఉంటుంది.

కృష్ణలంక_కారం:

ఇద్దరూ ఒక మాట మర్చిపోయారు. వండర్ ఉమన్.

బ్యాట్‌మన్ అంటూ అందరూ ఊగిపోతున్నారు గానీ అది కండలు ఎక్కువ కథ తక్కువ, నన్ను తిట్టుకోండి పర్లేదు. అదే 2024 అక్టోబరులో మొదలైన అబ్సల్యూట్ వండర్ ఉమన్ చూడండి. కెల్లీ థాంప్సన్ రచన, హేడెన్ షెర్మన్ బొమ్మలు. డయానాని (వండర్ ఉమన్ అసలు పేరు) పసిగుడ్డుగా నరకంలోకి తోసేస్తే మంత్రగత్తె సర్సీ పెంచుతుంది. అక్కడ పెరిగిన పిల్ల రాక్షసి అవ్వాలి కదా, అవ్వలేదు, అందరికంటే మెత్తని మనసు. ఎముకల గుర్రమెక్కి తనకంటే పొడుగు కత్తి పట్టుకుని వస్తుంది, వచ్చి ముందు భయపడిన జనాన్ని పలకరిస్తుంది. సర్సీకి అమ్మతనం వద్దు, పిల్ల వదలదు, ఆ మొదటి సంచికలో వాళ్లిద్దరి మధ్య జరిగేది చదివి రాత్రి పదకొండున్నరకి మా అమ్మకి ఫోన్ చేశా. ఆవిడ కంగారుపడి ‘ఏమైందిరా’ అంది. ఏం చెప్తాం. 2025లో ఉత్తమ కొత్త సిరీస్‌కి ఐస్నర్ (కామిక్స్‌కి ఇచ్చే పెద్ద అవార్డు) కూడా దీనికే వచ్చింది.

గబ్బిలం బ్రదర్, నీకు అమ్మ పాయింటే కావాలంటే ఇది కొను.

బుడమేరు_గబ్బిలం:

కారం గారూ, రెండింటి మధ్య తేల్చమంటే మూడోది నెత్తిన పెట్టారు.

నాన్న గారి పెదనాన్న సంగతి బాగుంది. నేనూ బాబాయ్ అనే అనుకునేవాణ్ని. ఇవన్నీ తెలుగులో వస్తే ఈ వరసలు ఎవరో ఒకరు ముందే తేల్చి పెట్టేవాళ్లు.

మద్రాస్_మెయిల్:

తెలుగులో వస్తే అన్నారు కాబట్టి చెబుతున్నా. ఉద్యోగం చెన్నైలో, ఇల్లు గుంటూరు. శివకాశి నుంచి ముత్తు కామిక్స్ 1972 నుంచి, లయన్ కామిక్స్ 1984 నుంచి వస్తున్నాయి, ఇటలీ కౌబాయ్ టెక్స్ విల్లర్ అక్కడ తమిళం మాట్లాడతాడు, ఆయన కోసం జనం ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తారు. చందమామ పుట్టిన భాష మనది, 1947 జులైలో తెలుగు, తమిళం రెండూ కలిపే మొదలయ్యాయి. నా తమిళ కొలీగ్ బల్ల మీద టెక్స్ పుస్తకం కనబడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మనకు ముందే డబ్బు కట్టేది సినిమా టికెట్‌కే.

ఇక ప్రశ్నకి జవాబు: స్పైడర్‌మన్. అది 24 సంచికల కథ. బ్యాట్‌మన్ నీ మనవడు చదివేటప్పటికి కూడా అవ్వదు.

పాత_అట్ట:

నేను లైబ్రరీలో చేస్తా, కామిక్స్ గురించి పెద్దగా తెలియదు, తడిసిన పుస్తకాల మాట చూసి వచ్చా. నున్నటి కాగితం తడిస్తే ఎండబెట్టకూడదు, ఆరేటప్పుడే అతుక్కునేది. తడిగా ఉండగానే పాలిథీన్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టేయాలి. బూజు ఆగుతుంది, అతుక్కోవడమూ ఆగుతుంది, తర్వాత తీరిగ్గా పని చేసుకోవచ్చు. ఎండలో మాత్రం వద్దు.

బుడమేరు_గబ్బిలం:

అయ్యో అట్ట గారూ. మేడ మీద దండెం కట్టి మరీ ఎండబెట్టా. అయినా ఆ వారం కరెంటు ఎక్కడిదండీ, ఫ్రిజ్ కూడా నీళ్లలోనే తేలింది.

సరే, స్పైడర్‌మన్ మొదటి భాగం పెట్టేస్తున్నా, బ్యాట్‌మన్ తర్వాత. నాన్న గారూ, మీరు ఆదివారం విజయవాడ వస్తారా? లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర పదింటికి. మీ మొదటి భాగం ఇస్తే నా బ్యాట్‌మన్ ఇస్తా, ఇద్దరికీ డబ్బు మిగులుతుంది.

బ్రాడీపేట_నాన్న:

వస్తా. కానీ పిల్ల ఇంకా అయిదో సంచికలో ఉంది, దాన్ని ఒప్పించాలి. మబ్బు పడితే మాత్రం పుస్తకం తేను, మీ కథ విన్నాక.